త్రీనాట్‌త్రీ పుట్టుక, దాని ఒంటి మీది ముద్రలు

పోలీస్‌స్టేషన్ ముందు సెంట్రీ భుజాన వేలాడిన బరువైన త్రీనాట్‌త్రీ (.303 రైఫిల్) మనవాళ్ల దృష్టిలో అచ్చంగా సర్కారు తుపాకి. దాని మూలం మాత్రం స్కాట్లాండులో పుట్టి, కెనడాలో పెరిగి, అమెరికాలో స్థిరపడ్డ జేమ్స్ పారిస్ లీ ఆలోచనలో ఉంది. కింద పెట్టెలాంటి మేగజైన్, పైన చేత్తో వెనక్కి లాగే బోల్టు: అదే ఆయన పనితనం.

బ్రిటిష్ సైన్యం 1888లో దానికి మెట్‌ఫోర్డ్ గాడుల గొట్టం జతచేసింది. నల్ల తుపాకిమందు మసి పేరుకోకుండా ఆ గాడులను తక్కువ లోతుతో తీశారు. అంతలో పొగ రాని కార్డైట్ వచ్చింది. దాని వేడికి ఆ గాడులు ఇట్టే అరిగిపోయాయి. అప్పుడు ఎన్‌ఫీల్డ్ కర్మాగారం లోతైన అయిదు గాడులు తీసింది. అలా అది 1895లో లీ-ఎన్‌ఫీల్డ్ అయింది. గొట్టం కురచ చేసి, కాల్బలానికీ అశ్వికదళానికీ ఒకటే రైఫిల్ ఇచ్చారు. 1907 నాటి మార్క్ 3 మొదటి ప్రపంచయుద్ధంలో అసలు పేరు తెచ్చుకుంది. పది తూటాల మేగజైన్, కొద్దిపాటి లాగుతోనే తెరుచుకునే బోల్టు ఉండడంతో తర్ఫీదు పొందిన సిపాయి నిమిషానికి గురిచూసి పదిహేను పేల్చగలిగేవాడు.

నాకు ఆసక్తి కలిగించేది ఇషాపూర్ కథ. హుగ్లీ ఒడ్డున తుపాకిమందు తయారైన చోటే రైఫిల్ కర్మాగారం వచ్చింది. రెండో యుద్ధంలో బ్రిటన్ నంబర్ 4 రకానికి మారినా ఇషాపూర్ పాత నమూనానే నమ్ముకుంది. ఇక్కడే ఇంకో చిత్రం: గాడులు లేకుండా గొట్టాన్ని నున్నగా తొలిచి, ఒక్కో తూటా పెట్టి పేల్చే .410 మస్కెట్లుగా కొన్నింటిని మార్చి, పోలీసులకు, కాపలావాళ్లకు ఇచ్చారు. చేతికి తుపాకి ఇస్తూనే దాని శక్తి తగ్గించడంలో నాకు దొరల జాగ్రత్త కంటే అనుమానమే ఎక్కువ కనిపిస్తుంది. స్వాతంత్ర్యం తర్వాత 1960లలో గట్టి ఉక్కుతో, 7.62 తూటాకు సరిపోయేలా ఇషాపూర్ 2ఎ తయారైంది.

మన దేశంలో .303 నిషిద్ధ బోరు. చట్టం ఒప్పుకునే దేశాల్లో సేకర్తలు వీటిని బాగుచేసి, కాలుస్తారు. కొత్తగా చేతపట్టినవాడు ముందు సాండ్‌పేపర్ తీస్తాడు, అదే అసలు ముప్పు. కర్ర మీదా, లోహం మీదా ఉన్న గుర్తులే దాని జాతకం. రాజకిరీటం ఏ ఏడుది, అశోకుడి సింహాలు ఎప్పుడు వచ్చాయి, కర్ర చీలకుండా ఇషాపూర్‌లో అడ్డంగా ఏ మర బిగించారు, బోల్టు నంబరు, బాడీ నంబరు ఒకటేనా అన్నవి వాటిలోనే తెలుస్తాయి. జిడ్డును మెత్తగా తుడిచి, అవిసె నూనె పట్టిస్తే చాలు. ఫొటోకి ఎదురుగా ఫ్లాష్ కొడితే నూనె మెరుపు తప్ప ఏమీ రాదు. దీపం పక్కనుంచి వాల్చి పెడితే అరిగిన అక్షరం కూడా నీడ పడి తేలుతుంది.

కాల్చేముందు తూటా కూర్చునే చోటి కొలత గేజ్‌తో చూడాలి. వదులైతే తూటా డొల్ల చిట్లుతుంది. పాత సైనిక తూటాలు పేల్చితే వాటి క్యాప్‌లోని లవణాలు గొట్టంలో మిగిలి తేమను పీల్చుకుంటాయి, తుప్పు పట్టిస్తాయి. నూనె వాటిని కరిగించదు. ముందు వేడినీళ్లు పోసి కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె రాయాలి.