నాపరాతి నేలకు ఏ పూత మేలు?
సీలర్, కలర్ ఎన్‌హాన్సర్ ఎంపికలో తెలుసుకోవలసిన విషయాలు

తాండూరు నీలి, పసుపు బండలు, బేతంచెర్ల నాపరాళ్లు, కడప నల్లరాయి తెలుగువారి ఇళ్లలో తరతరాలుగా పరుస్తున్నవే. పాలిష్ పట్టిన కొత్తలో అద్దంలా మెరిసే నేల కొన్నాళ్లకే వెలవెలబోవడం, పసుపు, నూనె మరకలు పడి ఎంత కడిగినా పోకపోవడం చాలా ఇళ్లలో కనిపించేదే. దీనికి విరుగుడుగా సీలర్లు, రంగును పెంచే ఎన్‌హాన్సర్లు దుకాణాల్లో లభిస్తున్నాయి. అయితే రాయి గుణం తెలియకుండా పూసిన మందు మేలుకు బదులు కీడే చేస్తుంది. ఒకసారి రాతిలోకి ఇంకినదాన్ని వెలికి తీయడం దాదాపు అసాధ్యం.

రాయి స్వభావం
తాండూరు, బేతంచెర్ల, కడప రాళ్లు మూడూ సున్నపురాతి జాతివే. వీటిలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. పులుపు తగిలితే ఇది కరిగి, ఆ చోట మెరుపు పోతుంది. నిమ్మరసం, చింతపండు పులుసు, స్నానాల గదులు కడిగే యాసిడ్ ఈ కోవలోనివే. ప్రకాశం జిల్లా చీమకుర్తి గ్రానైటుకు ఈ బెడద చాలా తక్కువ. నల్లగా ఉన్నది కడప రాయో, గ్రానైటో తెలియనప్పుడు మిగిలిన ముక్కపై నిమ్మరసం చుక్క వేసి చూడాలి. కాసేపటికి ఆ చోట మెరుపు తగ్గితే అది సున్నపురాయి.

నీటి చుక్కతో పరీక్ష
శుభ్రం చేసి ఆరబెట్టిన రాతిపై నాలుగైదు చోట్ల నీటి చుక్కలు వేసి, పావుగంట తరువాత తుడిచి చూడాలి. ఆ చోట రంగు ముదిరితే రాయి నీటిని పీలుస్తున్నట్లు లెక్క. అటువంటి రాతికి సీలర్ అవసరం. మచ్చ పడకపోతే పూయవలసిన పని లేదు. బాగా పాలిష్ చేసిన నల్ల గ్రానైటు సాధారణంగా ఈ రెండో తరగతికి చెందుతుంది. దానిపై పూసిన సీలర్ ఇంకక, చారలుగా మిగిలిపోతుంది.

సీలర్లు రెండు రకాలు
* లోనికి ఇంకేవి: సిలేన్, సైలాక్సేన్ వంటి పదార్థాలతో తయారవుతాయి. రాతి రంధ్రాల గోడలకు అంటుకుని నీటిని, కొన్ని రకాలు నూనెను సైతం అడ్డుకుంటాయి. రాయి రూపం పెద్దగా మారదు. లోపలి తేమ ఆవిరిగా బయటకు పోయే వీలుంటుంది.
* పైన పొరగా నిలిచేవి: అక్రిలిక్, పాలీయురెథేన్ రకాలు. మెరుపునిస్తాయి కానీ నడక ఎక్కువగా ఉన్న చోట త్వరగా అరిగి గీతలు పడతాయి. నేల అడుగు నుంచి తేమ వచ్చే ఇళ్లలో పొర తెల్లబారి పెచ్చులూడుతుంది. తడిస్తే జారే ప్రమాదమూ ఉంది. వృద్ధులున్న ఇళ్లలో, స్నానాల గదుల్లో, మెట్లపై వీటిని వాడకపోవడమే శ్రేయస్కరం.

రంగు ముదరడం ఎందుకు?
తడి రాయి పొడి రాతికన్నా చిక్కని రంగులో కనిపిస్తుంది. గరుకు ఉపరితలంపై వెలుగు చెదరడం తగ్గడమే ఇందుకు కారణం. ఎన్‌హాన్సర్ చేసే పనీ ఇదే. బూడిదరంగుకు మారిన కడప రాయి తిరిగి నలుపెక్కుతుంది. తాండూరు నీలిబండ ముదురు ఛాయకు తిరుగుతుంది. పాలిష్ లేని, గరుకు రాళ్లపైనే ఈ మార్పు స్పష్టంగా తెలుస్తుంది. అయితే రాతిలోని ఎగుడుదిగుడు వన్నెలు, పాత మచ్చలు సైతం ప్రస్ఫుటమవుతాయి. కొన్ని ఎన్‌హాన్సర్లలో సీలర్ కలిసి ఉంటుంది. మరికొన్నింటిపై సీలర్ విడిగా పూయాలి. డబ్బాపై సూచనలు చదివాకే కొనాలి.

గృహప్రవేశం తొందర వద్దు
ముహూర్తం దగ్గర పడిందని తడి ఆరని నేలపై సీలర్ పూయించడం తరచుగా జరిగే పొరపాటు. బండల కింది సిమెంటు మాలు ఆరడానికి కనీసం మూడు, నాలుగు వారాలు పడుతుంది. అంతకుముందే పూస్తే తేమ లోపలే చిక్కి తెల్లని మచ్చలు తేలతాయి. వ్యవధి లేనప్పుడు హోమం, వంటలు జరిగే చోట మందపాటి పట్టాలు పరిచి, నెయ్యి, కుంకుమ రాతికి తగలకుండా చూసుకుని, సీలర్ పనిని తరువాతకు వాయిదా వేయడం మంచిది.

పూసే విధానం
* మిగిలిన బండపైనో, మూల గదిలోనో ముందుగా పూసి, ఒక రోజు ఆగి రంగు నచ్చితేనే కొనసాగించాలి.
* పాత మైనం, నూనె జిడ్డు పూర్తిగా తొలగించి నేలను ఆరబెట్టాలి.
* పలుచగా పూసి, డబ్బాపై సూచించిన సమయంలోగా మిగులును మెత్తని గుడ్డతో తుడిచేయాలి. లేకుంటే జిగటగా గట్టిపడుతుంది.
* ద్రావకాలతో చేసిన సీలర్ల ఆవిరి మండే గుణం కలది. కిటికీలు తెరవాలి. పొయ్యి, దీపం, అగరుబత్తీ ఆ దరిదాపుల్లో ఉండరాదు.
* వంటగది అరుగుకు ఆహారం తగిలినా హాని లేదని డబ్బాపై రాసి ఉన్న రకాన్నే ఎంచుకోవాలి.

సీలర్ సర్వరోగ నివారిణి కాదు
సీలర్ మరకను ఆలస్యం చేస్తుందే తప్ప పూర్తిగా ఆపదు. లోనికి ఇంకే సీలర్ పులుపు వల్ల కలిగే కరుగుదలను అడ్డుకోలేదు. పులుసు ఒలికిన వెంటనే తుడవడమే దానికి మందు. గడపకు రాసిన పసుపు పక్క బండలపై పడితే ఎండకముందే తుడిచేయాలి. నేలను యాసిడ్‌తో కడగరాదు. ఆమ్ల, క్షార గుణాలు లేని సబ్బునీరు చాలు. మెరుపు కోసం కొబ్బరినూనె, కిరోసిన్ రాస్తే దుమ్ము పట్టి నేల మరింత నల్లబడుతుంది. ఏడాదికోసారి నీటి చుక్క పరీక్ష చేసి, రాయి మళ్లీ పీలుస్తున్నప్పుడు మాత్రమే తిరిగి పూయిస్తే అనవసర ఖర్చు తప్పుతుంది.