చిప్ నమూనా ఎవరి సొత్తు?

అండమాన్ దీవుల్లో ఉండే పాఠకులకు 2020 ఆగస్టు 10 గుర్తుండే ఉంటుంది. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైన రోజది. ఈ పట్టణాన్ని 2024 నుంచి శ్రీ విజయపురం అంటున్నాం. కేబుల్ పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. దాని రెండు చివరలా పనిచేసే యంత్రాలలో ఉండేవి చిప్‌లే. అలాంటి చిప్‌ల గురించి నడిచిన ఒక వివాదాన్ని ఈ పాఠంలో చూద్దాం.

టెలిఫోన్ పరికరాల తయారీదారులు మొదట ప్రోగ్రామబుల్ చిప్ వాడతారు. ఇందులో సర్క్యూట్‌ను మనమే అమర్చుకోవచ్చు, తప్పు దొరికితే సరిదిద్దుకోవచ్చు. కాని ఇది ఖరీదైనది. వేల సంఖ్యలో కావలసినప్పుడు అదే సర్క్యూట్‌ను మార్చడానికి వీలులేని స్థిరమైన చిప్‌గా చేయిస్తే ఒక్కొక్కటి చౌకగా వస్తుంది. ఈ మార్పిడి దగ్గరే తగాదా మొదలైంది.

కాలిఫోర్నియాలో ఆల్టెరా సంస్థ ప్రోగ్రామబుల్ చిప్‌లు అమ్మేది. వాటిని కొన్నవారు ఆల్టెరా సాఫ్ట్‌వేర్‌తో తయారైన ఫైలును క్లియర్ లాజిక్ అనే సంస్థకు ఇచ్చేవారు. ఆ సంస్థ లేజర్ సాయంతో ఆల్టెరా చిప్‌కు బదులుగా అమర్చదగిన స్థిరమైన చిప్ చేసి ఇచ్చేది. 1999లో ఆల్టెరా దావా వేసింది. తన సాఫ్ట్‌వేర్ లైసెన్సును ఉల్లంఘించేలా కొనుగోలుదారులను ప్రోత్సహించారని, తన చిప్‌లో భాగాల అమరికను కాపీ చేశారని ఆరోపించింది. విశ్లేషించి నేర్చుకోవడం చట్టసమ్మతమేనని క్లియర్ లాజిక్ వాదించింది. జ్యూరీ ఆల్టెరా పక్షాన నిలిచింది. 2005లో అప్పీలు కోర్టు ఆ తీర్పును సమర్థించింది. భాగాల అమరిక కేవలం ఆలోచన కాదు, చిప్‌లో రూపుదిద్దుకొని దాని పనితీరును ప్రభావితం చేసేదని కోర్టు భావించింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఇలాంటి తగాదాలను మనం పేటెంట్ వివాదాలనేస్తాం. కాని ఈ కేసులో కీలకమైనవి అమెరికా 1984లో చేసిన చిప్ రక్షణ చట్టం, లైసెన్సు ఒప్పందం. మన దేశంలోనూ ఈ తేడా ఉంది. 2000లో పార్లమెంటు చిప్ లేఅవుట్ డిజైన్లకు ప్రత్యేక చట్టం చేసింది. అది అండమాన్‌తో సహా దేశమంతటికీ వర్తిస్తుంది. రక్షణ కాలం 10 సంవత్సరాలు. 2002 సవరణతో చిప్ అమరికను పేటెంటు పరిధి నుంచి తప్పించారు.

మరి నేర్చుకునేవారి సంగతి? పరిశోధనకు, బోధనకు లేఅవుట్‌ను విశ్లేషించడాన్ని మన చట్టం అనుమతిస్తుంది. ఆ విశ్లేషణతో మీరు స్వయంగా కొత్త డిజైన్ రూపొందిస్తే అది ఉల్లంఘన కాదు. నేర్చుకోవడానికీ కాపీ చేయడానికీ మధ్య గీత అక్కడే ఉంది. రేపు చిప్‌లు రూపొందించబోయే విద్యార్థులు ఆ గీతను ముందే తెలుసుకోవాలి.