కణసంకేత ప్రసారము : చరిత్ర

బహుకణజీవుల దేహమందలి కణములు రసాయనద్రవ్యముల మూలమున ఒండొంటికి వార్తలు పంపుకొను విధానమునకు కణసంకేత ప్రసారమని పేరు. ఒక కణము స్రవించిన ద్రవ్యము, అది హార్మోనైనను, నాడీప్రసారకమైనను, వృద్ధికారకమైనను, రక్తమున గాని కణముల నడిమి ద్రవమున గాని సాగిపోయి, తన ఆకృతికి సరిపడు గ్రాహకమను ప్రోటీనును అంటుకొనగా, ఆ గ్రాహకము రూపు మార్చుకొని కణము లోపల మార్పుల పరంపరను మొదలిడును. గ్రాహకము లేని కణమునకు ఆ ద్రవ్యము ఎంత తగిలినను పట్టదు. స్టెరాయిడ్ హార్మోనులవలె కొవ్వులో కరగునవి కణపొరను దాటి లోపలి గ్రాహకములను కలిసికొనును. తక్కినవానిలో పెక్కింటికి పొరమీది గ్రాహకమే గతి. ద్రవ్యము ముందు దొరకుటయు, దాని గ్రాహకము దశాబ్దముల తరువాత గాని చేతికి చిక్కకుండుటయు ఈ శాస్త్రచరిత్రలో ఆనవాయితీగా కనబడును.

త్రిదోషములను గ్రహించిన ఆయుర్వేదమును, చతూరసములను నమ్మిన గ్రీకు వైద్యమును దేహభాగములకు ద్రవముల మూలమున పొత్తు కలదని ఊహించినను, ఆ ఊహకు ప్రయోగాధారము 19వ శతాబ్ది నడుమ గాని లభింపలేదు. 1849లో గొట్టింగెన్ నగరమున బెర్తోల్డు కోడిపుంజుల వృషణములను తొలగించి, కొన్నింటికి వానిని పొట్టలోపల వేరొకచోట నాటగా, పూర్వపు నరములు తెగిపోయినను ఆ పుంజులు జుట్టు నిక్కించి, కూతపెట్టి, తోటి పుంజులతో పోరాడెను. 1902లో లండనునందు బేలిస్, స్టార్లింగు అను ఇరువురు, కుక్క చిన్నప్రేవు ముక్కకు నరములన్నియు తెంచి అందులో ఆమ్లము పోసినను క్లోమరసము స్రవించుట చూచిరి. ఆ ప్రేవు లోపొరను గీకి, ఆమ్లముతో నూరి, వడగట్టిన ద్రవమును రక్తనాళమున ఎక్కించినను అదే ఫలము కలిగెను. ఆ ద్రవ్యమే సెక్రెటిన్. హార్మోను అను పేరును స్టార్లింగు 1905లో వ్యాప్తికి తెచ్చెను. అంతకు ముందే, 1901లో, జపాను రసాయనవేత్త తకమినే అడ్రినలినును స్ఫటికరూపమున వేరుచేసియుండెను. 1921లో టొరంటోలో బాంటింగు, బెస్టు సాధించిన ఇన్సులిను 1922 జనవరిలోనే మధుమేహరోగికి ప్రాణదానము చేసెను గాని, దాని గ్రాహకపు జన్యువు 1985 వరకును పట్టుబడలేదు.

గ్రాహకభావనకు మూలపురుషులు ఇద్దరు. జర్మనీలో ఎర్లిఖ్ విషములు కణముపై తమకు తగిన పార్శ్వశాఖలనే పట్టుకొనునని 1897లో ప్రతిపాదించెను. కేంబ్రిడ్జిలో లాంగ్లీ, నరములు క్షీణించిన కోడి కండరమునకు నికోటిను తాకించినను అది ముడుచుకొనుటయు, క్యురారే ఆ సంకోచమును అడ్డుకొనుటయు గమనించి, ఈ రెండు మందులును పనిచేయుచోటు నరము కాదనియు, కండరమునందే వానిని గ్రహించు పదార్థము కలదనియు 1905లో తేల్చెను. కంటికి కానరాని ఈ పదార్థమును పెద్దలు చిరకాలము శంకించిరి. నరములు సైతము రసాయనములతోనే మాటలాడునని 1921లో గ్రాట్జ్ నగరమున ఓటో లోవీ నిరూపించిన తీరు మిక్కిలి రమణీయము: కప్పగుండె నొకదానిని ఉప్పునీటిలో ఆడించి, వాగస్ నాడిని ప్రేరేపించి, అది మందగించినపిదప ఆ నీటినే రెండవ గుండెకు పట్టింపగా అదియును మందగించెను. ఆ ద్రవ్యము అసిటైల్‌కోలిన్. దానిని 1914లోనే పరిశీలించిన హెన్రీ డేల్‌తో కూడ లోవీ 1936లో నోబెల్ బహుమతి పొందెను. 1938లో నాజీలు ఆస్ట్రియాను కలుపుకొనినపుడు లోవీ దేశము విడుచుటకై ఆ బహుమతి ధనమును వారికే అప్పగింపవలసివచ్చెను.

వార్త గ్రాహకమును చేరిన తరువాత కణము లోపల జరుగు కథకు ఫాస్ఫేటు ప్రాణము. ఆ ఫాస్ఫేటును సులువుగా కొలుచు విద్యను లోకమునకిచ్చినవారిలో ఒకడు తెలుగువాడు. యెల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమునను, మద్రాసునను చదివెను. వైద్యకళాశాలలో ఖద్దరు గౌను ధరించినందున ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టమే దక్కెనని ఆయన జీవితకథకులు చెప్పుదురు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధించి, 1922లో బోస్టను చేరి, హార్వర్డునందు సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన పద్ధతి నేటికిని ఫిస్కే–సుబ్బారావు పద్ధతియనియే ప్రసిద్ధము. ప్రోటీను తీసివేసిన ద్రవమునకు ఆమ్లముతో మాలిబ్డేటును, పిదప క్షయకరణ ద్రవ్యమును చేర్పగా కొలది నిమిషములలో నీలిరంగు తేలును. రంగు ఎంత చిక్కనైన ఫాస్ఫేటు అంత అధికము. అయితే కండరపు రసముతో చేసినపుడు ఆ నీలము వెంటనే రాక మెల్లమెల్లగా ముదురుచుండెను. దానిని పద్ధతిలోని లోపముగా త్రోసివేయక వెంబడించుటలోనే వారి ప్రతిభ కలదు: ఆమ్లమున నెమ్మదిగా విడిపోవుచు ఫాస్ఫేటునిచ్చు ఫాస్ఫోక్రియాటిను 1927లో ఆ విధముగనే బయటపడెను. 1929లో కండరమునుండి ఏ.టి.పి. యను మరియొక ఫాస్ఫేటు ద్రవ్యమును వేరుచేసిరి; జర్మనీలో లోహ్మన్ అదే యేడు స్వతంత్రముగా దానిని కనుగొనెను. 1940లో లెడర్లీ సంస్థకు మరలిన సుబ్బారావు ఫోలిక్ ఆమ్లము మొదలగు ఔషధముల కృషికి సారథ్యము వహించి 1948లో గతించెను. భారత ప్రభుత్వము 1995లో ఆయన పేర తపాలాబిళ్ళ వెలువరించినది.

ఈ ఏ.టి.పి. కణమునకు శక్తినిచ్చు ద్రవ్యముగనే అప్పట తోచెను. 1955లో ఫిషర్, క్రెబ్స్ అనువారు ఏ.టి.పి. ఫాస్ఫేటును ఒక ఎంజైమునకు తగిలించుటచే అది క్రియాశీలమగునని చూపిరి. ఆ వెనువెంటనే క్లీవ్‌లాండులో సదర్లాండు, రాల్ కాలేయపు పొరల తునకలకు అడ్రినలినును తగిలింపగా, మరగించినను చెడని సూక్ష్మద్రవ్యమొకటి పుట్టుననియు, హార్మోను లేకయే అదియే కాలేయపు ఎంజైమును మేల్కొల్పుననియు కనుగొనిరి. ఏ.టి.పి.నుండి తయారగు ఈ చక్రీయ ఏ.ఎం.పి.కి ద్వితీయదూత యని పేరు; సదర్లాండునకు 1971లో నోబెల్ బహుమతి వచ్చెను. 1972లో బర్న్‌స్టాక్ ఏ.టి.పి. స్వయముగా నాడీప్రసారకమని చాటినపుడు పలువురు నవ్విరి. 1990 దశకమున దాని గ్రాహకముల జన్యువులు దొరకగా ఆ నవ్వు ఆగెను.

గ్రాహకముల తక్కిన వృత్తాంతము సంక్షిప్తము. 1948లో ఆల్‌క్విస్ట్ అడ్రినలిను గ్రాహకములు ఆల్ఫా, బీటా యని రెండు తెగలనగా, జేమ్స్ బ్లాక్ బీటా గ్రాహకమును మూయు ప్రొప్రనలాలు అను హృద్రోగౌషధమును సాధించెను. గ్రాహకపు వార్తను కణము లోపల అందించు జి-ప్రోటీనులకు రాడ్‌బెల్, గిల్మన్ 1994లోను, గ్రాహకనిర్మాణమునకు లెఫ్‌కోవిట్జ్, కొబిల్కా 2012లోను నోబెల్ బహుమతులందిరి.

వృక్షములకు నరములు లేవు, గుండె లేదు. సంకేతములు మాత్రము కలవు. లేమొలక కొన వెలుగును పసికట్టి ఆ వార్తను క్రిందికి పంపునని 1880లో డార్విను, ఆయన కుమారుడు వ్రాసిరి. ఆ వార్తను మోయు ఆక్సినును వెంట్ 1920 దశకమున అగార్ ముక్కలలోనికి పట్టెను. దాని గ్రాహకము 2005లో గాని తెలియలేదు. వీధిదీపముల గ్యాసులోని ఎథిలీను బఠాణీమొలకలను వంకరచేయునని 1901లో నెల్యూబోవ్ గుర్తించెను. పండు తానే ఎథిలీనును పుట్టించునని 1934లో గేన్ చూపెను. ఎథిలీను గ్రాహకము 1993లో దొరకెను. మామిడికాయలను వరిగడ్డిలో మాగవేయు మన పల్లెల అలవాటున పండు విడుచు ఆ వాయువే గడ్డినడుమ నిలిచి తక్కిన కాయలను పండించును. కార్బైడునుండి పుట్టు అసిటిలీను ఎథిలీనును పోలియున్నందున కాయను మోసగింపగలదు. విషకల్మషముల మూలమున ఈ పద్ధతి భారతదేశమున నిషిద్ధము.

ఖమ్మం, భద్రాచలం అడవుల అంచున, 2016నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరిన అశ్వారావుపేట ప్రాంతమున ఈ ఎథిలీను రైతుకు నిత్యపరిచితము. వ్యవసాయ కళాశాలయు, పామాయిలు కర్మాగారమును గల ఈ ఊరి చుట్టు ఆయిల్‌పామ్ తోటలలో, వేయికి పైబడిన పండ్లుగల గెల నలుపునుండి ఎరుపు తిరిగి, కొన్ని పండ్లు తమంత విడివడి చెట్టు పాదులో రాలినపుడే కోతకు దిగుదురు. పండెడు గుజ్జులో పెరిగిన ఎథిలీను పండు మొదలునందలి సన్నని కణవరుసలోని గ్రాహకములను తాకగా, ఆ కణములు తమ్ము కలిపియుంచిన జిగురును కరగించుకొని విడిపోవును. పచ్చిగెల కోసినచో నూనె తక్కువ పడును. మిగుల ముగ్గనిచ్చినను, కోసిన గెలను వెంటనే మిల్లుకు తోలకున్నను, నూనెలో విడి కొవ్వు ఆమ్లములు పెరిగి నాణ్యము తగ్గును. కావున గెల కోయువారు తలయెత్తి చూచుటకు ముందు పాదులో రాలిన పండ్లనే చూతురు.