కొత్తపేట, ఎల్బీనగర్ రోడ్లు: ఫ్లైఓవర్లు వచ్చాయి సరే.. రోడ్డు దాటేదెలా? ఏ పనికి ఎవరిని అడగాలి? పూర్తి వివరాలు

కొత్తపేట: దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వరకు ఉన్న రోడ్డు హైదరాబాద్ తూర్పు వైపుకు ప్రధాన ద్వారం. విజయవాడ వెళ్లాలన్నా, నల్గొండ, ఖమ్మం వెళ్లాలన్నా చాలామందికి ఇదే దారి. సంక్రాంతి, దసరా వచ్చిందంటే ఎల్బీనగర్‌లో బస్సుల కోసం జనం ఎలా నిలబడతారో ఏటా టీవీల్లో చూస్తూనే ఉంటాం. గత కొన్నేళ్లలో ఇక్కడ వరుసగా ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు కట్టారు. సిగ్నల్ దగ్గర ఆగే బాధ చాలావరకు తగ్గింది. కానీ బండి మీద వెళ్లేవాళ్లకు తగ్గిన ఇబ్బంది, కాలినడకన రోడ్డు దాటేవాళ్లకు తగ్గిందా? ఇప్పటిదాకా ఏం కట్టారు, ఇంకా ఏం కావాలి, సమస్య ఉంటే ఎవరిని అడగాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు ఈ రోడ్డు ఏంటి?

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట మీదుగా వెళ్లే ఈ మెయిన్ రోడ్డు పుణె నుంచి మచిలీపట్నం వరకు వెళ్లే జాతీయ రహదారి 65లో భాగం. పాత నంబర్ 9. అందుకే ఇప్పటికీ పెద్దవాళ్లు 'నైన్త్ హైవే' అనే అంటారు. ఎల్బీనగర్ చౌరస్తాలో దీన్ని ఇన్నర్ రింగ్ రోడ్డు అడ్డంగా దాటుతుంది. ఒక వైపు నాగోల్, ఉప్పల్.. ఇంకో వైపు బైరామల్‌గూడ, సాగర్ రింగ్ రోడ్డు, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్. అంటే జిల్లాల బస్సులు, సిటీ బస్సులు, లారీలు, కాలేజీ పిల్లల బైకులు.. అన్నీ ఈ ఒక్క చౌరస్తాలోనే కలుస్తాయి.

దీనికి తోడు కొత్తపేటలో రైతుబజార్, అష్టలక్ష్మి గుడి, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, బట్టల షాపులు. కాబట్టి ఇది హైవే మాత్రమే కాదు, బజారు కూడా. ఈ రోడ్డుకు సంబంధించిన గొడవంతా ఇక్కడే మొదలవుతుంది. హైవేకి వేగం కావాలి, బజారుకు ఆగే చోటు కావాలి. రెండూ ఒకే రోడ్డు మీద ఉన్నాయి.

ఇప్పటిదాకా ఏం కట్టారు?

వ్యూహాత్మక రహదారుల అభివృద్ధి ప్రణాళిక, అంటే ఎస్‌ఆర్‌డీపీ కింద జీహెచ్‌ఎంసీ ఈ ప్రాంతంలో చేసిన ప్రధాన పనులు ఇవి.

* 2018: చింతల్‌కుంట అండర్‌పాస్, కామినేని దగ్గర ఎడమవైపు ఫ్లైఓవర్.
* 2019: ఎల్బీనగర్ చౌరస్తాలో ఎడమవైపు ఫ్లైఓవర్.
* 2020 మే: కామినేని కుడివైపు ఫ్లైఓవర్, ఎల్బీనగర్ ఎడమవైపు అండర్‌పాస్.
* 2020 ఆగస్టు: బైరామల్‌గూడ కుడివైపు ఫ్లైఓవర్.
* 2022 మార్చి: ఎల్బీనగర్ కుడివైపు అండర్‌పాస్, బైరామల్‌గూడ ఎడమవైపు ఫ్లైఓవర్.
* 2022 అక్టోబర్: నాగోల్ ఫ్లైఓవర్. పొడవు 990 మీటర్లు, ఖర్చు సుమారు రూ.143 కోట్లు.
* 2023 మార్చి: ఎల్బీనగర్ కుడివైపు ఫ్లైఓవర్. విజయవాడ వైపు నుంచి సిటీలోకి వచ్చే వాహనాలకు ఇది ఉపయోగం.
* 2024 మార్చి: బైరామల్‌గూడ రెండో అంతస్తు ఫ్లైఓవర్. ఖర్చు సుమారు రూ.148 కోట్లు.

వార్తల్లో తరచూ కనిపించే ఎల్‌హెచ్‌ఎస్, ఆర్‌హెచ్‌ఎస్ అంటే ఇంతే. రోడ్డుకు ఎడమవైపు సగం, కుడివైపు సగం. ఒకేసారి రెండు వైపులా మూసేస్తే ట్రాఫిక్ వెళ్లే దారి ఉండదు కాబట్టి సగం సగంగా కట్టుకుంటూ వచ్చారు. హైవే మీద నేరుగా వెళ్లే బండ్లకు పైన ఫ్లైఓవర్, నాగోల్ నుంచి బైరామల్‌గూడ వైపు వెళ్లే బండ్లకు కింద అండర్‌పాస్. మలుపు తిరిగేవాళ్లకు మాత్రం మధ్యలో చౌరస్తా మిగిలింది. తెలంగాణ ఉద్యమంలో 2009 నవంబర్ 29న శ్రీకాంతాచారి ఆత్మాహుతికి పాల్పడింది ఈ చౌరస్తాలోనే. అందుకే దీనికి ఆయన పేరు పెడతామని 2023లో ఫ్లైఓవర్ ప్రారంభం రోజున ప్రభుత్వం ప్రకటించింది.

ఈ పనులు ఇబ్బంది లేకుండా ఏమీ జరగలేదు. 2023 జూన్‌లో సాగర్ రింగ్ రోడ్డు దగ్గర కడుతున్న ఫ్లైఓవర్ ర్యాంప్ కూలి పలువురు కార్మికులు గాయపడ్డారు. రోడ్డు భద్రత అంటే రోడ్డు వాడేవాళ్ల భద్రతే కాదు, రోడ్డు కట్టేవాళ్ల భద్రత కూడా అని ఆ ఘటన గుర్తుచేసింది.

ఇక మెట్రో సంగతి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వరకు 29 కిలోమీటర్ల రెడ్ లైన్‌లో అమీర్‌పేట, ఎల్బీనగర్ మధ్య భాగం 2018 సెప్టెంబర్ 24న ప్రారంభమైంది. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీనగర్ స్టేషన్లు ఈ రోడ్డు మీదే ఉన్నాయి. మరోవైపు ఎల్బీనగర్ నుంచి మల్కాపూర్ వరకు హైవేను ఆరు వరుసలుగా విస్తరించే పనికి 2022 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ శంకుస్థాపన చేశారు. ఇది జాతీయ రహదారుల సంస్థ, అంటే ఎన్‌హెచ్‌ఏఐ పని.

మరి సమస్య ఎక్కడ?

సింపుల్‌గా చెప్పాలంటే, సిగ్నల్ తీసేస్తే బండి ఆగదు. బండి ఆగకపోతే మనిషి దాటలేడు. పాత రోజుల్లో రెడ్ సిగ్నల్ పడ్డప్పుడు బండ్లతో పాటు జనానికీ కొన్ని సెకన్లు దొరికేవి. ఇప్పుడు ఫ్లైఓవర్ దిగిన బండి అదే స్పీడులో బజారులోకి వస్తుంది.

ఒక లెక్క చూడండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు వెళ్తుంది. రోడ్డులో ఒక వైపు వెడల్పు 12 మీటర్లు అనుకుందాం. మామూలు నడకతో దాటడానికి 10 సెకన్లు పడుతుంది. ఆ 10 సెకన్లలో బండి 140 మీటర్లు వచ్చేస్తుంది. అంటే మీరు అడుగు వేసే సమయానికి 140 మీటర్ల లోపు బండి లేకుండా ఉండాలి. పెద్దవాళ్లకు, చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్లకు ఇంకా ఎక్కువ గ్యాప్ కావాలి. సాయంత్రం వేళ కొత్తపేటలో అంత గ్యాప్ దొరకడం అంటే అదృష్టమే.

మెట్రో స్టేషన్ ఉంది కదా అనొచ్చు. నిజమే. టికెట్ కొనకుండానే మెట్లు ఎక్కి, టికెట్ కౌంటర్లు ఉండే మధ్య అంతస్తు మీదుగా అవతలి వైపు దిగొచ్చు. లిఫ్ట్ కూడా ఉంటుంది. చాలామందికి ఈ విషయం తెలియక కింద పరుగులు పెడుతుంటారు. కాకపోతే ఇక్కడ ఇంకో లెక్క ఉంది. 29 కిలోమీటర్లలో 27 స్టేషన్లు. అంటే సగటున స్టేషన్‌కు స్టేషన్‌కు 1.1 కిలోమీటర్ల దూరం. సరిగ్గా మధ్యలో ఉన్న మనిషి స్టేషన్ దాకా అర కిలోమీటరుకు పైగా నడిచి, దాటి, మళ్లీ అంతే దూరం వెనక్కి రావాలి. ఎదురుగా కనిపించే షాపుకు వెళ్లడానికి కిలోమీటరుకు పైనే నడవాలన్నమాట. అందుకే జనం డివైడర్ ఎక్కి దూకుతారు. రాత్రి మెట్రో సర్వీసులు ఆగాక ఆ దారి కూడా ఉండదు.

బైకుల వాళ్లది కూడా ఇదే కథ. యూటర్న్ దూరంగా ఉంటే పెట్రోలు, టైమ్ కలిసొస్తాయని రాంగ్ రూట్‌లో వస్తారు. ఒక వైపే చూసి రోడ్డు దాటే మనిషికి రెండో వైపు నుంచి వచ్చే బండి కనపడదు. తప్పు బండి నడిపేవాళ్లదే, అందులో డౌట్ లేదు. కానీ రోజూ వందలమంది ఒకే చోట ఒకే తప్పు చేస్తున్నారంటే ఆ రోడ్డు డిజైన్ కూడా చూసుకోవాల్సిందే.

బ్లాక్ స్పాట్ అంటే ఏంటి?

ప్రమాదం జరిగిన ప్రతి చోటునూ బ్లాక్ స్పాట్ అనరు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల పరిధిలో, మూడేళ్లలో మరణాలు లేదా తీవ్ర గాయాలైన ప్రమాదాలు 5 జరిగినా, లేదా 10 మంది చనిపోయినా అది బ్లాక్ స్పాట్. గుర్తించాక మొదట వెంటనే చేసే పనులు ఉంటాయి. హెచ్చరిక బోర్డులు, రంబుల్ స్ట్రిప్స్, లైట్లు, జీబ్రా గీతలు, డివైడర్‌లో అనవసరమైన గ్యాప్ మూసేయడం లాంటివి. తర్వాత శాశ్వత పనులు. సర్వీస్ రోడ్డు, అండర్‌పాస్, ఫుట్ ఓవర్ బ్రిడ్జి వంటివి.

ఇందులో ఒక మెలిక ఉంది. ఈ లెక్కంతా పోలీస్ రికార్డుల మీద నడుస్తుంది. చిన్న దెబ్బ తగిలి, పక్కన మెడికల్ షాపులో కట్టు కట్టించుకుని ఇంటికి వెళ్లిపోయిన ప్రమాదం ఏ లెక్కలోకీ రాదు. త్రుటిలో తప్పించుకున్నది అసలే రాదు. అంటే మనుషులు పోయాకే ఆ చోటు లెక్కలోకి వస్తుంది. స్థానికులు ముందే చెప్తే, అక్కడి దాకా వెళ్లకుండా ఆపే వీలుంటుంది.

ఫుట్‌పాత్ మన హక్కే

2025 మేలో సుప్రీంకోర్టు, అడ్డంకులు లేని ఫుట్‌పాత్‌లు వాడుకునే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణ కిందకే వస్తుందని చెప్పింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం ఫుట్‌పాత్‌పై నడవడానికి అడ్డు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. రోడ్డు నుంచి ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. అంటే సుమారు అర అడుగు. ఎత్తు మరీ ఎక్కువైతే ముసలివాళ్లు ఎక్కలేరు, అందరూ కిందే నడుస్తారు. కరెంటు పోల్, ట్రాన్స్‌ఫార్మర్, షాపు బోర్డు, పార్కింగ్ బైకులు పోగా ఎంత మిగిలిందన్నదే అసలు లెక్క. టేపు పట్టుకుని ఎవరైనా కొలవొచ్చు.

తోపుడు బండ్ల వాళ్లను తీసేస్తే అన్నీ సర్దుకుంటాయన్న మాట కూడా తరచూ వినిపిస్తుంది. వీధి వ్యాపారుల చట్టం 2014 ప్రకారం సర్వే చేసి వాళ్లకు చోటు చూపించాలి. చోటు చూపించకుండా తీసేస్తే మర్నాడు మళ్లీ అక్కడే ఉంటారు.

ముందు ముందు ఇంకో మార్పు

కొత్తపేటలో దశాబ్దాల పాటు నడిచిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను బాటసింగారం తరలించారు. ఆ స్థలంలో వెయ్యి పడకల టిమ్స్ ఆస్పత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగింది. మార్కెట్ ఉన్నప్పుడు లారీలు, ఆటో ట్రాలీల రద్దీ. ఆస్పత్రి అంటే అంబులెన్సులు, కర్రలు పట్టుకుని నడిచేవాళ్లు, స్ట్రెచర్లు, మందుల కోసం అటూ ఇటూ తిరిగే బంధువులు. వెయ్యి పడకలు అంటే కనీసం వెయ్యి మంది అటెండెంట్లు అనుకోవాలి. ఓపీకి వచ్చేవాళ్లు అదనం. వాళ్లంతా టీకి, టిఫిన్‌కి, బస్సుకి ఈ రోడ్డే దాటాలి. క్రాసింగ్ ఏర్పాట్లు ఆస్పత్రితో పాటే కావాలి తప్ప, ప్రమాదాలు జరిగాక కాదు.

ఏ పనికి ఎవరిని అడగాలి?

* ఫుట్‌పాత్, గుంతలు, వీధి లైట్లు, మ్యాన్‌హోల్ మూతలు: నగరపాలక సంస్థ. జీహెచ్‌ఎంసీ హెల్ప్‌లైన్ 040-21111111.
* సిటీ బయట జాతీయ రహదారిపై సమస్య: ఎన్‌హెచ్‌ఏఐ హెల్ప్‌లైన్ 1033.
* సిగ్నల్, రాంగ్ రూట్, అడ్డగోలు పార్కింగ్: ట్రాఫిక్ పోలీసులు. అత్యవసరమైతే 112.
* బ్లాక్ స్పాట్, కొత్త క్రాసింగ్ వినతి: కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీ. ఎల్బీనగర్ ప్రాంతం రంగారెడ్డి జిల్లాలోకి వస్తుంది.

ఫిర్యాదులో 'కొత్తపేట మెయిన్ రోడ్డు' అని రాస్తే చాలదు. మెట్రో పిల్లర్ నంబర్ రాయండి. ఏ వైపు, ఏ టైమ్‌లో ఇబ్బంది, ఫొటో జతచేయండి. ఫిర్యాదు నంబర్ దాచుకోండి. రేపు అదే చోట ఏదైనా జరిగితే, ముందే చెప్పామని చూపించే ఆధారం అదొక్కటే. మోటారు వాహనాల చట్టంలోని 198ఏ సెక్షన్ ప్రకారం, డిజైన్, నిర్మాణం, నిర్వహణలో ప్రమాణాలు పాటించక మరణం లేదా వైకల్యం జరిగితే బాధ్యులైన అధికారులు, కాంట్రాక్టర్లు, కన్సల్టెంట్లకు లక్ష రూపాయల వరకు జరిమానా ఉంది.

ప్రమాదం జరిగితే..

ముందు 108కి లేదా 112కి ఫోన్ చేయండి. కేసుల్లో ఇరుక్కుంటామన్న భయం వద్దు. 134ఏ సెక్షన్ ప్రకారం సాయం చేసినవాళ్లను బలవంతంగా సాక్షిని చేయకూడదు, పేరు చెప్పమని ఒత్తిడి చేయకూడదు. 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన పథకం ప్రకారం ప్రమాద బాధితులకు మొదటి 7 రోజుల్లో రూ.1.5 లక్షల వరకు నగదు రహిత చికిత్స ఉంది. గుద్ది పారిపోయిన కేసుల్లో చనిపోతే కుటుంబానికి రూ.2 లక్షలు, తీవ్ర గాయాలైతే రూ.50 వేలు పరిహారం అడగొచ్చు.

చివరిగా ఒక్క మాట. ఎల్బీనగర్‌లో చౌరస్తా దాటడానికి బండికి ఇప్పుడు ఫ్లైఓవర్ ఉంది, అండర్‌పాస్ ఉంది. కొత్తపేటలో రైతుబజార్ నుంచి కూరగాయల సంచితో వచ్చే మనిషికి కావాల్సింది అంత పెద్దది కాదు. కనిపించే జీబ్రా గీత, 15 సెకన్ల సిగ్నల్, మధ్యలో నిలబడటానికి కాస్త చోటు. కోట్ల ఖర్చుతో పోలిస్తే ఇది చిన్న పనే. అడిగేవాళ్లు ఉంటే తొందరగా అవుతుంది.