ఇంటికి పెద్ద యెవరు?



నిజాము కాలమునాటి కాగితములు మన పల్లెల పాతపెట్టెలలో నేటికిని కొన్ని మిగిలియున్నవి. ఉర్దూలో వ్రాసిన ఆ కాగితములలో మగవాని పేరు వెంట 'వల్ద్' అను మాట కనబడును. ఫలానా వాని కుమారుడని దాని యర్థము. పట్టా యైనను, అప్పు పత్రమైనను, కోర్టు ఫైసలా యైనను, తండ్రి పేరు లేనిదే మనుష్యుని గుర్తింపు లేదు. ఎక్కడనైన ఒక స్త్రీ పేరు వచ్చెనా, దాని వెంట 'జౌజె' యని యుండును. ఫలానా వాని భార్య యన్నమాట. ఫలానా తల్లి కొడుకని వ్రాసిన కాగితము నాకు కానరాలేదు. ఆమె కన్నది, పెంచినది, వరినాటు వేసినది. కాగితములో మాత్రము లేదు. నేను ఉద్యోగమున చేరిన తొలి యేండ్లలో బడి రిజిష్టరులో పిల్లల పేర్లు వ్రాయునప్పుడును తండ్రి పేరొక్కటియే యడుగుచుంటిమి. నేడు ఆ రిజిష్టరులో తల్లి పేరునకును ఒక గడి యున్నది. ఆ గడి వెనుక నడచిన కథను గూర్చి నేడు కొంత ముచ్చటింతును.

మన పూర్వులు తల్లికిచ్చిన గౌరవము తక్కువది కాదు. మనుస్మృతి ద్వితీయాధ్యాయమున, పదిమంది యుపాధ్యాయులకంటె ఒక ఆచార్యుడును, నూఱుగురు ఆచార్యులకంటె తండ్రియు, వేయిమంది తండ్రులకంటె తల్లియు గౌరవమున మిన్న యని చెప్పబడినది. ఈ మాటను సభలలో ఉపన్యాసకులందఱును చెప్పుదురు. అదే స్మృతి నవమాధ్యాయమున, స్త్రీని బాల్యమున తండ్రియు, యౌవనమున భర్తయు, వార్ధకమున కొడుకులును రక్షింతురనియు, ఆమె స్వాతంత్ర్యమునకు తగదనియు ఉన్నది. దీనిని సభలలో పలువురు దాటవేయుదురు. రెంటిని కలిపి చదివిననే సంగతి బోధపడును. గౌరవము వేఱు, అధికారము వేఱు. తల్లి పాదములకు మ్రొక్కి, వ్రాలు మాత్రము తండ్రిచేత పెట్టించుట మనకు అలవాటైన పద్ధతి.

అయినను శాస్త్రము అన్నిచోట్ల ఒకే తీరుగ లేదు. కల్యాణ చాళుక్య చక్రవర్తి యైన ఆఱవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి 'మితాక్షర' యను వ్యాఖ్య వ్రాసెను. పదుమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన దానిని 'విజ్ఞానేశ్వరీయము' అను పేర తెనుగు పద్యములలో రచించెను. మన ప్రాంతములలో దాయభాగపు తగవులకు తరతరములుగా ఈ మితాక్షరయే ప్రమాణము. అందొక ముచ్చట గలదు. కొడుకు సంతానము గాని భార్య గాని లేక చనిపోయినచో వాని ధనము ఎవరిది? మూలమున 'పితరౌ' అని యున్నది. తల్లిదండ్రులిరువురును అని యర్థము. ఇరువురిలో ముందెవరు? విజ్ఞానేశ్వరుడు వ్యాకరణము చేపట్టెను. ఆ యేకశేషమునకు విగ్రహము చెప్పునప్పుడు 'మాతా చ పితా చ' అని తల్లినే ముందు చెప్పుదుము గదా యనెను. అంతటితో విడువక, తండ్రి సవతితల్లుల బిడ్డలకును తండ్రియే, తల్లి యన్ననో తన బిడ్డకు మాత్రమే తల్లి, కావున ఆమెయే వానికి మిక్కిలి దగ్గఱ యని తేల్చెను. బంగాళమున జీమూతవాహనుని దాయభాగము దీనిని త్రోసి తండ్రికే ముందు చోటిచ్చినది. మన వైపు మాత్రము ఒక సమాసపు విగ్రహవాక్యము తల్లిని ముందు నిలిపినది. వ్యాకరణమువలన కూటికి లాభమేమి యని అడుగువారికి నేను ఈ ముచ్చటయే చెప్పుచుందును.

సిద్దిపేటలో మనతో కలిసి బ్రదుకు ముసల్మానుల ధర్మమునందును ఈ విభాగమే కలదు. పసిబిడ్డను ఒడిలో నుంచుకొని పెంచు హక్కు తల్లిది. దానిని 'హిజానత్' అందురు. బిడ్డ ఆస్తి మీది పెత్తనము తండ్రిది, అది 'విలాయత్'. మతములు వేఱైనను లెక్క యొక్కటియే.

ఇక శాస్త్రము విడిచి వాకిటిలోనికి వత్తము. ఉమ్మడి కుటుంబములో పెత్తనము నిజముగ ఎవరిది? తండ్రిది అనుట సగమే సత్యము. తాత బ్రదికియున్నంత కాలము తండ్రియు చిన్నవాడే. తన బిడ్డను తాత యెదుట ఎత్తుకొనుటకు తండ్రి సిగ్గుపడెడివాడు. ఎత్తుకొన్నచో మర్యాద తప్పెనని పెద్దవారు కన్నెఱ్ఱజేసెడివారు. ఈ మాట వినుచున్న మీలో ఎందఱో అట్టి తండ్రుల బిడ్డలే. కోడలికి తల్లి యైన పిదప కూడ అధికారము లేదు. అది అత్త చేతి తాళపుచెవిలో నుండెను. పదునాలుగేండ్లకే తల్లియైన పిల్లకు అధికారము ఎక్కడినుండి వచ్చును? బ్రిటిషు ఇండియాలో 1929లో శారదా చట్టము పుట్టి, ఆడపిల్ల పెండ్లికి పదునాలుగేండ్ల హద్దు ఏర్పఱచినది. నిజాము రాష్ట్రము ఆ చట్టమునకు వెలుపల నుండెను. మఱుసటి యేడు, 1930లో, మన మెదకు జిల్లా జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను ప్రథమాంధ్ర మహాసభ జరిగినపుడు, దానితో పాటు నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతను మహిళాసభయు జరిగినది. ఆ కాలమున మెదకు సీమలో స్త్రీలు సభ తీర్చి కూర్చుండుటయే యొక విశేషము.

మా వైపు సాలెయింటి కాపురము చూడుడు. గుంతమగ్గముపై కూర్చుండి నేయువాడు తండ్రి. నూలు తోడి కండెలు చుట్టునది తల్లి. ఆమె చేయి నిలిచినచో మగ్గము నిలుచును. సిద్దిపేట గొల్లభామ చీర పేరెన్నిక గన్నది. తలపై చల్లకుండ మోయుచున్న గొల్లపడుచు బొమ్మ దాని యంచున నిలిచియుండును. చీర అమ్ముడుపోయినపుడు సావుకారు ఖాతాలో పేరు మగ్గమువానిదే. కండెలకు వేఱు కూలి లెక్క కట్టిన సావుకారు లేడు.

ఈ లెక్కను తాఱుమాఱు చేసినది చట్టము కాదు, కఱవు. చెఱువులెండినవి, మరమగ్గముల గుడ్డ సంతలోనికి వచ్చినది, చేతిమగ్గమునకు గిరాకి పోయినది. మగవారు షోలాపురము, భివండి, సూరతు పోయిరి. పిమ్మట దుబాయి, మస్కటు పోవుట మొదలైనది. ఊరిలో మిగిలిన స్త్రీల యొడిలోనికి బీడీల చాట వచ్చినది. దుబ్బాక, సిద్దిపేట మొదలు సిరిసిల్ల, నిజామాబాదు వఱకు ఏ వాడకు పోయినను వాకిట చాటలే. తునికాకును తడిపి, రేకు కొలతకు కత్తిరించి, తంబాకు వేసి చుట్టి, దారము కట్టి, ఇరువదియైదింటికొక కట్ట చేసి, వేయింటికి కూలి. నడుము వంగును, దగ్గు పట్టును. అయినను అది ఇల్లు కదలకుండ, పొయ్యి మీది అన్నమును చూచుకొనుచు, నెలకు చేతికి వచ్చు రొక్కము. 1966లో బీడీ కార్మికులకొక చట్టము, 1976లో సంక్షేమ నిధి, 1977లో ప్రావిడెంటు ఫండు వచ్చినవి. అట్లు తల్లి పేర మొట్టమొదటి సర్కారీ పుస్తకము ఇంట వెలసినది. 'వల్ద్'ల కాలములో తావు లేని పేరునకు ఇపుడొక నంబరు వచ్చినది! 2015లో బీడీ కార్మికురాండ్రకు నెలకు వేయి రూపాయల జీవనభృతి తెలంగాణ ప్రభుత్వము ప్రారంభించి, 2019లో దానిని 2,016 చేసెను.

దీనిని చూచి తల్లికి మేలు జరిగినదని తేలికగ ననరాదు. సంబంధములు చూడవచ్చిన వారు పిల్ల బీడీలు చేయునా యని యడుగుట మొదలుపెట్టిరి. తల్లి లెక్కకు కట్టలు తక్కువైన దినమున కూతురు బడి మాని చాట యెదుట కూర్చుండెను. నా తరగతిలో ఆడపిల్లలు పొద్దెక్కి వచ్చెడివారు. వారి పలకలు సయితము తంబాకు వాసన కొట్టుచుండెడివి. కొట్టిన పంతుళ్ళు కలరు. తల్లి సంపాదనలో కొంత కూతురి చదువునుండి పోయినది, ఇది మనము దాచుకొనదగినది కాదు. తండ్రి మాట వేఱు విధము. రెండేండ్లకొకమాఱు దుబాయినుండి దిగువాడు తన యింట తానే చుట్టమయ్యెను. బిడ్డ వానిని చూచి తల్లి చీర చాటునకు పోవును. పిల్ల కేది జ్వరము, కొడుకేది చదువుచున్నాడు, సంఘములో ఎంత పొదుపు కట్టవలయును, ఏదియు వానికి తెలియదు. అన్నియు తల్లికే తెలియును. ఊరిలోనే మిగిలిన మగవారు కొందఱు మగ్గము పోయిన దుఃఖమును సారాయిలో ముంచిరి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో తల్లులు సారాయికి అడ్డము నిలిచిరి. ఆ మంట రాష్ట్రమంతట పాకి 1993 అక్టోబరులో సారా నిషేధము వచ్చినది. ఆ తల్లులను ఏ శాస్త్రమును పంపలేదు.

ఇట్లు బ్రదుకు ముందు మాఱినది, కాగితము వెనుక కుంటుచు వచ్చినది. 1956లో వచ్చిన హిందూ మైనారిటీ, సంరక్షణ చట్టము ఆఱవ సెక్షనులో, మైనరునకు సహజ సంరక్షకుడు తండ్రి, 'అతని తరువాత' తల్లి యని వ్రాసిరి. అయిదేండ్లు నిండని బిడ్డ మాత్రము సాధారణముగా తల్లి కడ నుండవలయునట. మరల ఒడి ఆమెది, వ్రాలు అతనిది! గీతా హరిహరన్ అను రచయిత్రి 1984లో తన కుమారుని పేర రిజర్వు బ్యాంకు బాండ్లు కొనగోరి, సంరక్షకురాలిగ తానే వ్రాలు చేసెను. తండ్రి వ్రాలు కావలయునని బ్యాంకువారనిరి. వ్యవహారము సుప్రీము కోర్టునకెక్కి 1999 ఫిబ్రవరిలో తీర్పు వచ్చినది. 'తరువాత' యనగా తండ్రి చనిపోయిన తరువాత యని యర్థము కాదు, తండ్రి లేనిచోట, అనగా అతడు బిడ్డను పట్టించుకొననపుడు, దూరమున నున్నపుడు, ఇరువురును తల్లికే వదలినపుడు, ఆమెయే సంరక్షకురాలని న్యాయమూర్తులు చెప్పిరి. తొమ్మిది వందల యేండ్ల క్రిందట ఒక సమాసము, 1999లో ఒక అవ్యయము. తల్లి స్థానము రెండుమాఱులును ఒక్క మాట యర్థము మీదనే నిలిచినది. దుబాయి తండ్రుల యిండ్లకు ఈ తీర్పు ఎంత యక్కఱయో మీకు వేఱే చెప్పనక్కఱలేదు.

2013 నాటి ఆహార భద్రతా చట్టము రేషను కార్డున ఇంటి పెద్దగా పదునెనిమిదేండ్లు నిండిన స్త్రీలలో పెద్దదానిని వ్రాయుమన్నది. 2014లో మొదలైన కల్యాణలక్ష్మి చెక్కు పెండ్లికూతురి తల్లి పేర వచ్చునది. తండ్రులు దానికి నొచ్చుకొన్నట్లు నేను చూడలేదు. చెక్కు చేతికి వచ్చిన దినముననే పెండ్లి యప్పునకు చెల్లిపోవుచుండుటచే నొచ్చుకొనుటకు తీరిక యెక్కడిది?

ఇంతవఱకు చెప్పినవి విన సొంపుగనే యుండును. మీరు పంచాయతీలలో కూర్చుండి తీర్చు మాట ఇక చెప్పవలయును. రామారావుగారి ప్రభుత్వ కాలమున 1985 సెప్టెంబరు 5 మొదలుకొని, అప్పటికి పెండ్లి కాని కూతుండ్రకు ఉమ్మడి యాస్తిలో కొడుకులతో సమముగ భాగమిచ్చుచు మన రాష్ట్రము చట్టము చేసినది. 2005లో దేశమంతటికి వచ్చిన సవరణలో పెండ్లియైన కూతురికిని హక్కు వచ్చినది. అది పుట్టుకతో వచ్చు హక్కనియు, 2005 నాటికి తండ్రి బ్రదికియుండనక్కఱలేదనియు 2020లో సుప్రీము కోర్టు తేల్చినది. కాగితము మీద నంతయు సరి. చావడిలో జరుగునదేమి? 'పసుపుకుంకుమల క్రింద ఇచ్చినాము గదమ్మా' యని పెద్దమనిషి యనును. అన్న తల వంచుకొని కూర్చుండును. అప్పుడు తల్లియే కూతురి చేయి పట్టి వేలిముద్ర వేయించును. ఏల? ఱేపు ఆమె తినవలసినది ఆ కొడుకింటి యన్నమే గనుక. కూతురిమీద ప్రేమ లేక కాదు. అట్టి ముద్రను ఇష్టపూర్వకమని మనము వ్రాయింతుము, సాక్షి సంతకములు పెట్టుదుము. నా దృష్టిలో ఆ సంతకము మనకు గౌరవము కాదు. తల్లికి తన పేర రెండు గుంటలున్నచో ఆ చేయి అట్లు కదలదు.

తండ్రి యేమగుచున్నాడను ప్రశ్న మిగిలియున్నది. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1997 మొదలు, బిడ్డ పుట్టినపుడు తండ్రికిని పదునైదు దినముల సెలవున్నది. బీడీలు చుట్టు ఇంటిలోని తండ్రికి సెలవెవరిచ్చెదరు? వాడు తానే దారి వెదకుకొనవలయును. మా వాడకట్టున ఒక నేతగాడు, మగ్గము ముడిచిన పిమ్మట వలసపోక, భార్య బీడీలు చుట్టుచుండగా తానే తెల్లవాఱి పొయ్యి రాజేసి, అన్నము వండి, ఇద్దఱు కూతుండ్రకు జడలల్లి, చేయి పట్టుకొని బడికి తెచ్చెడివాడు. తొలిదినములలో జడలు వంకరగ నుండెడివి. చావడి వారు నవ్వి వానికి 'అమ్మయ్య' యని పేరు పెట్టిరి. ఆ పేరు వానికి నేటికిని నిలిచియున్నది. పెండ్లిండ్లై అత్తవారిండ్లనుండి వచ్చు కూతుండ్రును వానిని ఆ పేరుననే పిలుతురు.