గోనె మూట నుంచి ఇనుప పెట్టెకు

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, డి.ఎ. బకాయిల గురించి రాయడానికి చాలామంది ఉన్నారు కదా, నేను గూడ్స్ షెడ్డు గురించి రాస్తానన్నాను. ముప్పై ఏళ్లకు పైగా ఆ షెడ్డు నీడలోనే అన్నం తిన్నవాణ్ణి. ఈనాటి పిల్లలకు రైలంటే ప్రయాణికుల బండి ఒక్కటే. మన జీతాల్లో ఎక్కువ భాగం సరుకు బండి సంపాదించిందేనని ఇంట్లో చెబితే మనుమలు నవ్వుతారు.

మన ప్రాంతానికి రైలు 1893–96 మధ్య వచ్చింది, ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో. వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం తర్వాత బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. బి.ఎన్.ఆర్. అనే ఆ మూడక్షరాలు మన పెద్దల ఇళ్లలో తాత పేరంత పరిచయం. ఇంచుమించు అదే కాలంలో గరివిడి, కోడూరు ప్రాంతాల్లో మాంగనీసు తవ్వకం మొదలైంది. దేశంలో ఆ ఖనిజాన్ని మొదట తవ్వింది మన విజయనగరం వైపే. అప్పటికి విశాఖలో హార్బరు లేదు. ఓడ ఒడ్డుకు దూరంగా లంగరు వేసుకుని ఉండేది, సరుకు పడవల మీద కెరటాలు దాటి దాని దగ్గరికి వెళ్లేది. కళింగపట్నంలోనూ అంతే. 1931లో రాయపూర్–విజయనగరం లైను పూర్తయింది. 1933లో విశాఖ హార్బరు తెరిచారు. లోపలి సీమల సరుకు పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా నేరుగా రేవుకు చేరే దారి అప్పుడు ఏర్పడింది.

నేను చెప్పదలచుకున్నది మాత్రం నౌపడా సంగతి. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి గారు తమ ఊరికి రైలు కావాలని పట్టుబట్టి, 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న లైను వేయించారు. 1931 నాటికి అది గుణుపురం చేరింది. టెక్కలి, టెంబూరు, పాతపట్నం వాళ్లకు ఆ చిన్న బండిని గురించి నేను చెప్పనక్కరలేదు. చిక్కంతా పట్టాల వెడల్పులో ఉంది. చిన్న లైను రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. పెద్ద లైను ఐదున్నర అడుగులు, అంటే 1676 మిల్లీమీటర్లు. ఆ వేగను ఈ పట్టాల మీదికి రాదు, ఈ వేగను ఆ పట్టాల మీదికి పోదు. అందుచేత నౌపడాలో సరుకంతా ఒక బండిలోంచి దించి ఇంకో బండిలోకి ఎక్కించాలి. దీన్నే ట్రాన్‌షిప్‌మెంట్ అనేవాళ్లం.

లెక్క వేసి చూడండి. పర్లాకిమిడి దగ్గర రైతు మూట ఒకటి ఓడ ఎక్కాలంటే ఎన్ని చేతులు మారాలి? ఎడ్లబండి నుంచి షెడ్డుకు ఒకసారి, షెడ్డు నుంచి చిన్న వేగనుకు రెండోసారి, నౌపడాలో చిన్న వేగను నుంచి పెద్ద వేగనుకు మూడోసారి, హార్బరులో వేగను నుంచి గిడ్డంగికి నాలుగోసారి, గిడ్డంగి నుంచి ఓడ కడుపులోకి ఐదోసారి. నాలుగు చక్రాల పాత వేగనులో ఇరవై రెండు టన్నుల దాకా పట్టేది. వంద కిలోల మూటలైతే 220. అంటే ఒక్క వేగను సరుకు కోసం 1100 సార్లు ఎవరో ఒకరి వీపు వంగాలి. ప్రతిసారీ కొక్కెం గుచ్చుకుంటుంది, గోనె చిరుగుతుంది, దోసెడో రెండు దోసిళ్లో నేల రాలుతుంది. గోగునార మన పంట, గోనె సంచి మన నెల్లిమర్ల, చిట్టివలస మిల్లుల సరుకు. అయినా సంచి నిజం సంచిదే, ఎన్ని కొక్కేలని తట్టుకుంటుంది?

మా షెడ్డులో కలాసీ మేస్త్రి మూటలు లెక్కపెట్టేటప్పుడు ఒకటి అనేవాడు కాదు. కుంచంతో ధాన్యం కొలిచే అలవాటు చొప్పున ‘లాభం, రెండు, మూడు’ అనేవాడు. ఐదేసి మూటలకు ఒక సుద్ద గీత. నేను పక్కన నిలబడి టాలీ పుస్తకంలో రాసుకునేవాణ్ణి. అంత జాగ్రత్తగా ఉన్నా ఒకసారి నా మెడకు చుట్టుకుంది. ఏ స్టేషనో రాయను, అప్పటి వాళ్ల పిల్లలు ఈ సంచిక చదువుతారు. రాత్రి వచ్చిన వేగనుకు సీలు చెక్కుచెదరలేదు. తెల్లారి తలుపు తీస్తే మూటలు పదకొండు తక్కువ. ‘సీలు సరిగా ఉన్నది’ అని సంతకం పెట్టినవాణ్ణి నేను. విచారణ రెండేళ్లు సాగింది. చివరికి నా జీతంలోంచి నెలనెలా కోత పడింది. ఆ ఏడాది సంక్రాంతికి పిల్లలకు కొత్త బట్టలు ఎలా తెచ్చిందో మా ఆవిడకే తెలియాలి, నేను అడగలేదు.

ఈ బాధ ప్రపంచమంతటా ఉన్నదే. అమెరికాలో లారీల వ్యాపారం చేసిన మాల్కం మెక్లీన్ అనే ఆయన సరుకుతో పాటు దాన్ని నింపిన పెట్టెనే ఓడ ఎక్కించాలని తలపెట్టాడు. 1956 ఏప్రిల్ 26న ‘ఐడియల్ ఎక్స్’ అనే ఓడ 58 పెట్టెలతో న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కు బయలుదేరింది. విడి సరుకు ఓడకెక్కించడానికి ఆ రోజుల్లో టన్నుకు 5.83 డాలర్లు అయితే, పెట్టెల్లో 16 సెంట్ల లోపే అయిందట. పెట్టెలో సరుకు పంపడం అంతకు ముందు లేదని కాదు, ఇంగ్లండు రైల్వేల్లో చెక్క పెట్టెలు ఉండేవి. లేనిదల్లా ఒక్కటే కొలత. ఎవరి పెట్టె వారిదైతే ఒకరి క్రేను ఇంకొకరికి పనికిరాదు. 1960లలో దేశాలన్నీ కూర్చుని 20 అడుగులు, 40 అడుగులు పొడవు, 8 అడుగులు వెడల్పు అని తేల్చుకున్నాయి. నాలుగు మూలలా చిల్లులున్న ఇనుప దిమ్మలు, వాటిలోకి దూరి మెలి తిరిగే తాళం. ఓడైనా, లారీయైనా, రైలైనా ఆ తాళం ఒక్కటే. ఇరవై అడుగుల పెట్టెలో ఇంచుమించు మన పాత వేగనుకు సరిపడా సరుకు పడుతుంది. చక్రాలు ఊడదీసిన వేగనే అనుకోండి.

మన రైల్వే 1966లోనే దేశంలో సరుకుకు కంటైనర్లు మొదలుపెట్టింది. ఓడ కంటైనరు మన దేశపు రేవుకు వచ్చింది 1973లో, కొచ్చిన్‌కు. 1981లో బెంగుళూరులో మొదటి లోతట్టు కంటైనరు డిపో తెరిచారు. సముద్రం లేని ఊళ్లోనే కస్టమ్స్ తనిఖీ ముగించి, సీలు వేసి రేవుకు పంపే ఏర్పాటది. 1988 మార్చిలో కంటైనర్ కార్పొరేషన్ ఏర్పడి, 1989 నవంబరులో రైల్వే దగ్గరున్న ఏడు డిపోలను తీసుకుని పని మొదలుపెట్టింది. మనం కాన్‌కార్ అనేది దాన్నే. 2003లో విశాఖలో ప్రత్యేక కంటైనరు టెర్మినల్ ప్రారంభమైంది. 2006లో ప్రైవేటు కంపెనీలకూ కంటైనరు బండ్లు నడిపే అనుమతి వచ్చింది. ఫ్యాక్టరీ వాకిట్లో వేసిన సీలు రేవులోనో, అవతలి దేశంలోనో గాని ఊడదు. మూటకూ మూటకూ సంతకం పెట్టే గుమాస్తా అవసరం లేదు, పదకొండు మూటల కోతా లేదు.

అయితే ఈ పెట్టె వల్ల మన రెండు జిల్లాల స్టేషన్లకు ఏం ఒరిగింది? ఒక కంటైనరు బండిలో 45 వేగన్లు, వాటి మీద ఇరవై అడుగుల పెట్టెలు 90. ఆ తొంభై ఒకే చోట నిండితేనే బండికి గిట్టుబాటు. పలాస జీడిపప్పు ఎంత పేరున్నదైనా వందలాది చిన్న బట్టీల వాళ్లు తలా కొంచెం పంపే సరుకు. పైగా పలాస నుంచి విశాఖకు సుమారు 200 కిలోమీటర్లు, విజయనగరం నుంచి 60. ఇంత దగ్గరి దూరానికి పెట్టెను రెండుసార్లు ఎత్తి దించే ఖర్చే రైలు కిరాయిలో మిగిలేదాన్ని తినేస్తుంది. అందుకే మన వైపు కంటైనర్లు చాలావరకు లారీ మీదే రేవుకు పోతాయి. రైలుకు లాభం వందల కిలోమీటర్లు దాటాక మొదలవుతుంది. కొత్తవలస మీదుగా దిగే బైలదిల్లా ఇనుప ఖనిజం సంగతి వేరు, దానికి పెట్టెతో పనిలేదు, పైకప్పు లేని వేగనే మేలు.

మరోపక్క 1980ల నుంచి రైల్వే నిండు బండ్ల మీదే దృష్టి పెట్టింది. ఒకటి రెండు వేగన్ల సరుకు, ‘స్మాల్స్’ అనే చిల్లర సరుకు క్రమంగా లారీల పాలయింది. చిన్న స్టేషన్ల షెడ్లు నిద్రపోయాయి. దీనికి పెట్టెనే తప్పు పట్టలేం, లారీ అంతకు ముందే వచ్చి సగం సరుకు పట్టుకుపోయింది. కానీ రెండూ కలిసి ఒకరి నోటి దగ్గర కూడు తీశాయి. విశాఖలో కంటైనర్లు దించడం చూసివచ్చిన మా మేస్త్రి నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. ‘బాబూ, ఆ పెట్టికి తలుపెయ్యడానికి ఒకడు సాలు. మరి మా గేంగంతా ఏటి సెయ్యాల?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మనకు పెన్షను ఉంది, సంఘం ఉంది, ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడమే మన కష్టం. మూటకు ఇంత అని కూలి తీసుకున్న ఆ మనుషులు ఏ రిజిస్టరులోనూ లేరు. కొందరు సూరత్, మద్రాసు వెళ్లారు. మేస్త్రి మాత్రం ఊళ్లోనే ఉండి పోయాడు, వీపు నొప్పితో.

నౌపడా చిక్కు చివరికి పెట్టెతో తీరలేదు, పట్టాలతో తీరింది. 2004లో చిన్న బండి ఆపి, లైను వెడల్పు చేసి, 2011 నాటికి గుణుపురం దాకా పెద్ద బండి నడిపారు. అంతకు ముందు నూరేళ్లూ దేశంలో కంటైనరు అవసరం ఎక్కడైనా ఉందంటే అది ఆ ప్లాట్‌ఫారం మీదే ఉందని నా అభిప్రాయం, కాదనేవారు కాదనవచ్చు. ఇప్పుడు అక్కడికి దగ్గర్లోనే సంతబొమ్మాళి మండలం మూలపేటలో రేవు కడుతున్నారు. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది.

నౌపడాలో ట్రాన్‌షిప్‌మెంట్ కళ్లారా చూసిన పెద్దలు మన సభ్యుల్లో ఇంకా ఉండే ఉంటారు. రోజుకు ఎన్ని వేగన్లు మారేవి, ఎన్ని గేంగులు ఉండేవి, మూటకు కూలి ఎంత, ముఖ్యంగా ఆ కలాసీల పేర్లు ఎవరికైనా గుర్తుంటే కాగితం మీద పెట్టి సంఘం ఆఫీసుకు పంపండి. దస్తూరీ ఎలా ఉన్నా ఫరవాలేదు, నేను సాపు రాసి ఇస్తాను.