లారీ డ్రైవర్‌కు బూట్లు: కొనేముందు ఏం చూడాలి?

లారీ డ్రైవర్లలో చాలామంది చెప్పులతోనే బండి నడుపుతారు. క్యాబిన్ వేడికి అదే హాయి. కానీ జారిన చెప్పు బ్రేక్ పెడల్ కింద ఇరుక్కుంటే పెడల్ పూర్తిగా దిగదు. మడమను గట్టిగా పట్టి ఉంచే బూట్లు అందుకే కావాలి.

అలాగని బరువైన సేఫ్టీ షూ అందరికీ అక్కర్లేదు. సరుకు దింపడం, టైర్లు మార్చడం కూడా చేసేవారు ఐఎస్ 15298 రెండో భాగం ముద్ర ఉన్నవి తీసుకోవాలి. వాటి ముందుభాగం 200 జౌళ్ల దెబ్బను తట్టుకుంటుంది. స్టీరింగ్ పని ఒక్కటే అయితే, వేళ్ల దగ్గర గట్టి కవచం లేని నాలుగో భాగం రకం తేలిగ్గా ఉంటుంది.

సోల్ నూనె మీద జారకూడదు. మరీ మందంగా ఉంటే పెడల్ ఎంత నొక్కామో పాదానికి తెలియదు. షాపులో కూర్చుని, క్లచ్ తొక్కినట్టు చీలమండ వంచి చూడాలి.

సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి కాబట్టి అప్పుడే, సాక్స్‌తో కొలత చూసుకోవడం మేలు.

తక్కువ ధరకు పాత స్టాకు ఇస్తామంటే తయారీ తేదీ అడగాలి. పీయూ సోల్ ఏళ్ల తరబడి నిల్వ ఉంటే, వాడకపోయినా తేమకు పొడిపొడిగా రాలిపోతుంది.

షుగర్ ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి, బూటు కరిచినా తెలియకపోవచ్చు. ట్రిప్పులో రోజూ తామే చూసుకోవాలి. ఇంటికొచ్చిన రోజు ఇంట్లోవాళ్లు కూడా ఒకసారి అరికాళ్లు చూడాలి.